చేపలక్క ఊరెళ్లిన వారం

ఆ మేడలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఒక పొరపాటు చేసి తీరతారు. కింద మెట్ల పక్క గదిలో చేపలక్క ఉంటుందని ఎవరో చెబుతారు. వీళ్లు సంచీ పట్టుకుని దిగి, "ఇవాళ ఏం చేపలున్నాయమ్మా?" అని అడుగుతారు. ఆవిడ కుట్టుమిషను ఆపి, కళ్లజోడు మీంచి ఎగాదిగా చూసి, "ఉన్నాయి, చూడ్డానికి మాత్రమే" అంటుంది. బట్టలు కత్తిరించే బల్ల చివరనున్న అద్దాల తొట్టెలోంచి గోల్డ్ ఫిష్‌లు నోళ్లు తెరిచి ఆ మాటకు వంత పాడతాయి. సంచీవాళ్లు నాలుక కరుచుకుని వెనుదిరుగుతారు.

ఆవిడది దర్జీ పని. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైన గౌన్లు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం. పేరు మాత్రం చేపల వల్ల వచ్చింది. తనకన్నా ఎంతో పెద్దవాడైన రెండో అంతస్తు గార్డు గారు, రైళ్లలో పని చేసి రిటైరైన మనిషి, ఆయన కూడా అక్కా అనే పిలుస్తాడు. మేడలో చేపలు పెంచేవాళ్లు ఎవరు ఊరెళ్లినా తాళంచెవి ఆవిడ బల్ల మీద పడేసి నిశ్చింతగా బండెక్కుతారు.

ఆ చేపల్ని ఆవిడ కంటికి రెప్పలా చూస్తుంది. అందుకో పద్ధతి కూడా పెట్టుకుంది. మిగిలిపోయిన గుడ్డముక్కలతో బొటనవేలంత సంచులు కుట్టి, ఒక్కోదాంట్లో ఒక్క రోజు మేత పోసి, మూతి దారంతో ముడి వేస్తుంది. రోజుకో సంచి, అంతకుమించి ఒక్క గింజ పడడానికి వీల్లేదు. ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. తాళంచెవులు ఆవిడ దగ్గరికి రావడం మొదలవకముందు ఒకసారి పైఅంతస్తు టీచరమ్మ ఊరెళుతూ తన చేపల్ని గార్డు గారికి అప్పగిస్తే, ఆయన డబ్బాడు మేత ఒకేసారి గుమ్మరించాడు. ఇంకోసారి గార్డు గారి చేపలకు టీచరమ్మ బిస్కెట్లు నలిపి పోసింది. రెండుసార్లూ కుళ్లిన నీళ్లు తోడి, ఆ ప్రాణాలు నిలబెట్టేసరికి చేపలక్కకు తలప్రాణం తోకకొచ్చింది. ఇద్దర్నీ వరసలో నిలబెట్టి మరీ కడిగేసింది.

"వారం తిండి లేకపోయినా ఎదిగిన చేప చావదు. మీ ప్రేమ పొంగిందంటే మాత్రం ఒక్క పూటలో చస్తుంది. గుర్తుంచుకోండి!"

మరి ఈవిడ సొంత చేపల సంగతి? అక్కడికొచ్చేసరికి చట్టం మారిపోయేది. రాత్రంతా రైలు ప్రయాణం చేసేంత దూరంలో చెల్లెలుంది. చిన్న ఇల్లు కొనుక్కుని, అందులో ఒక గది అక్క కోసమని ఖాళీగా ఉంచింది. ఫోన్ చేసినప్పుడల్లా రమ్మని పిలిచేది. "ఎలా వస్తానే? నేను లేకపోతే చేపలకి పూట గడవదు" అనేది చేపలక్క. భర్త లారీ డ్రైవరు. ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువుండేవాడు. "నీ చేపలకి చెల్లెలంటే కుళ్లేమో" అని నవ్వేవాడు.

ఈసారి చెల్లెలు బతిమాలలేదు.

"అక్కా, చివరిసారి అడుగుతున్నా. రాకపోతే ఆ గది అద్దెకిచ్చేస్తాను. ఇక పిలవను."

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. లేదు. అందుకే చేపలక్కకు భయం వేసింది. ఇద్దరూ ఒకే దుప్పట్లో పెరిగినవాళ్లు. ఆ గదిలో ఎవరో పరాయి మనిషి పెట్టె సర్దుకోవడం ఊహించుకోలేకపోయింది. అప్పటికప్పుడు వస్తానని మాటిచ్చేసింది.

భర్త లారీతో ఎక్కడో ఉన్నాడు. గతిలేక సంచులు రెండు వాటాలేసి గార్డు గారికీ, టీచరమ్మకూ ఇచ్చింది. ఒక రోజు ఆయనది, మర్నాడు ఆవిడది. చెప్పిన జాగ్రత్తలే మళ్లీ చెప్పి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రైలెక్కింది.

చెల్లెలింట్లో మొదటి రోజు మనసంతా తొట్టెలోనే ఉంది. రెండో రోజుకి సగం ఉంది. ఆ తర్వాత అక్కచెల్లెళ్లు కబుర్లలో పడి పొయ్యి మీద పాలు పొంగించేశారు. ఒకరి గురక మీద ఒకరు ఫిర్యాదులు చేసుకున్నారు. గదికి పరదాలు లేవని చేపలక్క కిటికీలు కొలిచింది. రోజూ ఫోన్ చేస్తే గార్డు గారు "పెద్దాయన భేషుగ్గా ఉన్నాడక్కా!" అనేవాడు. పెద్దాయనంటే తోక చిరిగిన ముసలి చేప, ఆ తొట్టెకు యజమాని.

తిరిగొచ్చాక భుజాన సంచీ దించకుండానే తొట్టె దగ్గరికి పరుగెత్తింది. నీళ్లు తేటగా ఉన్నాయి. చేపలన్నీ ఉన్నాయి. పెద్దాయన అద్దానికి మూతి ఆనించి, ఎప్పటిలాగే జన్మలో తిండి ఎరగనట్టు నోరు తెరిచాడు. చేపలక్కకు ఏనుగెక్కినంత సంబరమైంది. అలికిడికి ఇద్దరూ కిందికొచ్చారు.

"మీ మేలు ఎంత చెప్పుకున్నా తక్కువే! ఏవీ, ఆ ఖాళీ సంచులు ఇలా ఇవ్వండి, మళ్లీ పనికొస్తాయి."

గార్డు గారు తేలు కుట్టిన దొంగలా జేబులో చెయ్యి పెట్టాడు. సంచులన్నీ బయటికొచ్చాయి. ఒక్క ముడీ విప్పలేదు.

"అదికాదక్కా, టీచరమ్మది పెద్ద చెయ్యి కదా. ఆవిడ రోజున ఎలాగూ ఎక్కువే పోస్తుంది. అందుకని నా రోజున పస్తు పెట్టాను."

టీచరమ్మ నోరు తెరిచింది. "నాది పెద్ద చెయ్యా? డబ్బా గుమ్మరించింది ఎవరండీ? మీ భయానికే నేను నా రోజులన్నీ మానేశాను!" అంటూ చేతిసంచీలోంచి తన వాటా తీసి బల్ల మీద పెట్టింది. అవీ ముడులతోనే ఉన్నాయి.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది చేపలక్కే. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, ఒక సంచీ విప్పి మేత వేసింది. వాళ్లిద్దరూ "నీదంటే నీదే పెద్ద చెయ్యి" అని వాదించుకుంటూ మెట్లెక్కారు. వాళ్ల గొంతులు వినబడనంత దూరం పోయాక ఆవిడ నవ్వూ పోయింది. వారం తిండి లేకపోయినా చావవని మేడంతా చెప్పుకొచ్చింది తనే. పూట గడవదని చెల్లెలికి చెప్పిందీ తనే. తను లేకపోతే ఇక్కడ ఏదీ నడవదన్న మాట తనకెంత తీపో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఫోన్ తీసింది.

"ఒసే, వారమంతా చేపలకి ఎవరూ మేతే వెయ్యలేదే."

"అయ్యో! పోయాయా?"

"లేదు. నిక్షేపంలా ఉన్నాయి."

"అయితే అక్కా, ఇన్నేళ్లూ..."

"ఆఁ. ఇన్నేళ్లూ వచ్చి ఉండొచ్చు. నేనే రాలేదు. తిట్టవే, పడతాను."

"తిట్టడానికి ఓపిక లేదు గానీ, మళ్లీ ఎప్పుడొస్తావ్?"

అలవాటు కొద్దీ చేపలక్క తొట్టెకేసి చూసింది. పెద్దాయన ఆఖరి గింజ మింగి, చిరిగిన తోక ఆడిస్తూ అటు తిరిగిపోయాడు. ఇక ఏ సాకూ మిగల్లేదు.

"గది మాత్రం అద్దెకివ్వకు," అంది. "పరదాలు కుట్టి నేనే తెస్తాను."