ఒక గంట వెనక నడిచిన మదర్‌బోర్డు

మా చిన్నప్పుడు... బళ్ళారిలో మస్తాన్ భాయ్ కంప్యూటర్ అంగడి. గాజు బల్ల మీద రెండు మదర్‌బోర్డులు. ఒకటి కొత్తది, డబ్బా విప్పలేదు. రెండోది పాతది, పేపర్లో చుట్టి ఉంది.

కొత్తదానికి వేగం తక్కువ సెలెరాన్ ప్రాసెసర్. కానీ గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే స్లాటు లేదు. పాతదానికి స్లాటు ఉంది, పైగా పెంటియం ఫోర్ ప్రాసెసర్ బిగించే ఉంది. కార్ల రేసు ఆట ఆగకుండా నడవాలంటే పాతదే కావాలి. డిప్లొమా చదువుతూ ట్యూషన్లు చెప్పి మా సువర్ణక్క దాచుకున్న డబ్బుకు వచ్చేదీ అదే.

"యాడిది భాయ్ ఇది?" అంది అక్క.

"కాటాది. హొసపేట రోడ్డులో గనుల లారీలు తూకమేసి చీటీ ఇస్తారే, ఆ వేబ్రిడ్జిది. బాగుండే మిషనే, మొన్న తీసేసి కొత్తది పెట్టుకుండారు. నీ నసీబు, తీస్కపో."

చీటీలు అచ్చేయడానికి పెంటియం ఫోర్! మా సర్కారు బడిలో అందరికీ కలిపి ఒకే కంప్యూటరు, అదీ గుడ్డ కప్పి దణ్ణం పెట్టుకోవడానికే. దీన్ని అభివృద్ధి అన్నారు ఆ రోజుల్లో. ఇప్పటికీ అనేవాళ్లున్నారు... ఈ పోస్టు కింద వాదించడానికి వస్తారు కూడా. రానీండి.

బళ్ళారి పక్కనే కప్పగల్లులో మా ఇంటికి తెచ్చి ఫ్యాను విప్పితే, సందుల నిండా గనుల దుమ్ము. బ్రష్షుతో గీకుతుంటే అక్క చేతులు మణికట్టు దాకా ఎర్రబడ్డాయి. అక్క లేచిపోయి చేతులు కడుక్కుని వచ్చింది. పక్కింటి హనుమక్క మొగుడు ఎర్రిస్వామి పోయి ఇరవై రోజులే అయింది మరి. జీన్స్ ప్యాంట్లు ఉతికే వాషింగ్ యూనిట్లో పని ఆయనకు. పొద్దున తొమ్మిదింటికి సైకిల్ మీద పోతుంటే బైపాసులో గనుల లారీ గుద్ది, ఆగకుండా పోయింది. నంబరు చూసిన టీ అంగడి మనిషి పోలీసులకు చెప్పాడు. ఆ లారీదే తప్పని తేలితేనే హనుమక్కకు పరిహారం. ఇద్దరు పిల్లలు ఆమెకు.

కంప్యూటర్ వెలిగింది. గోడ గడియారంలో పదకొండు... తెర మీద పది. తేదీ సరిగ్గా ఉంది. నిమిషాలు కూడా సరిగ్గా ఉన్నాయి. గంట ఒక్కటే తక్కువ.

"బ్యాటరీ సచ్చింటే తేదీ ఏండ్లు ఎనక్కి పోవాల. ఇది ఎవురో కావాలని పెట్టినట్టుండాదే," అంది అక్క.

"మార్చేదా?"

"ఉండనీలే. ఆటకు గంటతో పనేంది?"

వారం రోజులు అలాగే ఆడాం. బడి నుంచి ఐదింటికి వచ్చి ఆడిన ఆట, కంప్యూటర్లో నాలుగింటికి ఆడినట్టు ఎక్కేది. నాలుగింటికి నేను బళ్లోనే ఉంటాను కదా... నా కుర్చీలో, నేను ఇల్లు చేరకముందే, ఎవరో కూర్చుని ఆడి పోయినట్టుండేది. కూర్చునే ముందు కుర్చీని చేత్తో తడిమేదాన్ని. అక్కకు చెబితే నవ్వింది. మర్నాడు తనూ తడిమింది.

ఎనిమిదో రోజు, ప్రాసెసర్ వేగం ఇంకొంచెం పెంచుదామని అక్క సెట్టింగులు కదిపింది. తెర నల్లబడింది. దానికి అందరూ చేసే వైద్యం ఒకటే... బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీ ఊడదీసి, కాసేపాగి మళ్లీ పెట్టడం. పెట్టాం. బోర్డు దాచుకున్న సెట్టింగులన్నీ, గడియారంతో సహా, చెరిగిపోయాయి. టైము అడిగింది. గోడ గడియారం చూసి నేనే కొట్టాను.

రెండు రోజులకు హనుమక్క ఒక జిరాక్సు కాగితం పట్టుకుని వచ్చింది.

"సువర్ణా, ఇదేందో సదివి చెప్పు తల్లీ. ఇంగ్లీషులో ఉండాది. లారీ ఓనరు స్టేషన్లో ఇచ్చినాడంట."

తూకం చీటీ. ఆ లారీ నంబరే, ఆ రోజు తేదీనే. టైము తొమ్మిదీ ఐదు. అంటే యాక్సిడెంటు వేళకు లారీ కాటా మీద ఉందని వాళ్ల సాక్ష్యం. బైపాసు నుంచి ఆ కాటాకు, లారీల బారులో, గంట ప్రయాణం.

"ఐతే నా మొగుడ్ని గాలి గుద్దిందా?" అంది హనుమక్క.

అక్క చీటీ పైన కాటా పేరు చదివింది, హొసపేట రోడ్డుది. నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. గనుల లారీలకు పర్మిట్ గంటల లెక్కన ఇచ్చేవాళ్లు. ఆ గడువు దాటిన లారీలను గడువులోనే దాటించడానికి గడియారాన్ని గంట వెనక్కి పెట్టుకున్నారని మాకు అప్పుడు వెలిగింది. పదింటికి తూగిన లారీకి తొమ్మిదని చీటీ! బాగున్న మిషన్‌ను అంత తొందరగా ఎందుకు తీసేశారో కూడా...

మర్నాడు హనుమక్క తరఫు వకీలు ఇంటికి వచ్చాడు. ఆన్ చేయమన్నాడు. చేతి గడియారాన్ని తెర పక్కన పెట్టి చూశాడు.

"సరిగ్గానే ఉండాది కదమ్మా."

"మేమే సరిచేసినాము సార్. ముందు గంట ఎనకుండె."

"నేను నమ్ముతా. జడ్జికి ఏం చూపియ్యాల?"

మస్తాన్ భాయ్‌ను అడిగితే, "ఏ కాటా? నేనెప్పుడు చెప్పినా?" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆ భయం పెట్టినవాళ్లను మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

వకీలు వెళ్లాక హనుమక్క గడపలోనే నిలబడింది. "ఎందుకు తీసినారు మే ఆ బ్యాటరీ?"

"ఆట జోరుగా నడుస్తాదని అక్కా," అన్నాను.

ఆమె కంప్యూటర్ వైపు చూసింది.

"నడిసిందా?"

నడిచింది. నేను పోయి కంప్యూటర్ ఆపేశాను.

గుర్తు తెలియని వాహనమని కేసు మూసేశారు. హనుమక్క పిల్లలను తీసుకుని తెక్కలకోటలో పుట్టింటికి వెళ్లిపోయింది. లారీల వాళ్లు ఇప్పుడు పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చునే పెద్దమనుషులు. కంప్యూటర్లు టైమును నెట్ నుంచి తామే తెచ్చుకుంటున్నాయి. ఒక ప్రాసెసర్ కొనడానికి మా పిల్లలు ఇరవై వీడియోలు చూస్తారు... అందులో ఒక్కటి కూడా, అది ఎవరి బతుకుల మీదుగా ఇంటికొచ్చిందో చెప్పదు.

మీ చిన్నప్పుడు మీ ఇంటికొచ్చిన సెకండ్‌హ్యాండ్ సామాను ఎవరిదో, ఎందుకు వదిలించుకున్నారో మీరెవరైనా అడిగారా? అడిగినవాళ్లు కింద రాయండి. అడగనివాళ్లూ సిగ్గుపడకుండా రాయండి...

మేం అడిగాం. జవాబు విని కూడా, వారం రోజులు ఆటే ఆడుకున్నాం.