తప్పు చెప్పే ఉద్యోగం

మా పిన్ని ఏం చదువుకుందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చుట్టాలు అడిగితే అమ్మ "సైకాలజీ" అని ఊరుకుంటుంది. వాళ్ళు వెంటనే తమ పిల్లాడికి చదువు మీద ధ్యాస ఎందుకు నిలవడం లేదో పిన్నిని కనుక్కుని చెప్పమంటారు. సోషల్ సైకాలజీ వేరని చెప్పీ చెప్పీ పిన్నికి విసుగొచ్చి మానేసింది.

మొదట్లో అమ్మమ్మకి మాత్రం ఓపిగ్గా చెప్పేది.

"పిచ్చివాళ్ళకి వైద్యమా?" అంది అమ్మమ్మ.

"కాదమ్మా. బాగున్నవాళ్ళే పదిమందిలో పడేసరికి ఎందుకు మారిపోతారో చూడ్డం."

"దానికి అన్నేళ్ళ చదువెందుకే? మీ బావ ఆఫీసులో ఎలా ఉంటాడో, ఇంట్లో ఎలా ఉంటాడో చూస్తే చాలదూ?"

పక్క గదిలో నాన్న గొంతు సవరించుకున్నాడు. అమ్మమ్మ అన్నదాంట్లో తప్పేం లేదని పిన్ని ఇవాళ్టికీ అంటుంది. ఇప్పుడామె ఓ చిన్న కాలేజీలో పాఠాలు చెబుతోంది, మొదటి క్లాసు ఈ మాటతోనే మొదలుపెడుతుంది. పెద్ద విశ్వవిద్యాలయంలో ఉండాల్సిన మనిషి ఆ కాలేజీలో ఎందుకు చేరిందో చెప్పాలనే ఇదంతా. జాలిపడమని కాదు. ఆమె మీద ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

విశ్వవిద్యాలయంలో పరిశోధనకి సీటు వచ్చాక అక్కడి ప్రొఫెసరుగారు ఆమెకి అప్పగించిన పని తప్పు చెప్పడం. నిజంగానే. మూడో అంతస్తులో ఓ గది, వరుసగా ఐదు కుర్చీలు, ఎదుట బల్ల మీద గుండీలు నింపిన రెండు గాజు సీసాలు. దేంట్లో ఎక్కువున్నాయో చిన్నపిల్లలైనా చెప్పగలరు. మొదటి నాలుగు కుర్చీల్లో పిన్నీ, ఆమెతో పాటు పరిశోధన చేస్తున్న మరో ముగ్గురూ కూర్చుంటారు. ఒకరినొకరు ఎరగనట్టు నటిస్తూ, ఒకరి తర్వాత ఒకరు తక్కువున్న సీసానే చూపించాలి. ఐదో కుర్చీలో బయటినుంచి వచ్చిన మనిషి ఉంటాడు. అతను తన కళ్ళని నమ్ముతాడా, ఈ నలుగుర్ని నమ్ముతాడా అన్నదే పరీక్ష. టక్కున చెప్పేస్తే అనుమానం వస్తుందని, కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టడం పిన్ని ఇంట్లో అద్దం ముందు సాధన చేసేది. అప్పట్లో ఆమె మా ఇంట్లోనే ఉండేది. చదువు ముదిరిందని అమ్మ బెంగపెట్టుకుంది.

అయిపోగానే ఆ వచ్చిన మనిషికి అసలు సంగతి చెప్పి పంపాలి. అది ఆ చదువులో ముందుగా నేర్పే నియమం. ప్రొఫెసరుగారు దాన్ని కొంచెం పక్కకి జరిపారు. "ఒకడికి చెబితే ఊరంతా పాకుతుంది. అన్నీ ముగిశాక అందరికీ ఒకేసారి చెబుదాం" అన్నారు. అందరూ తలూపారు. పిన్నీ ఊపింది.

ఓరోజు ఐదో కుర్చీలో ఓ బస్సు డ్రైవరు కూర్చున్నాడు. నడివయసు దాటినవాడు, డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చాడు. నలుగురూ చెప్పింది విన్నాడు. సీసాల వంక చూశాడు, కళ్ళు నులుముకున్నాడు, మళ్ళీ చూశాడు. చివరికి వాళ్ళు చెప్పిందే చెప్పాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, నా చూపు దెబ్బతిన్నట్టుంది. రేపు పొద్దున బండి తియ్యొచ్చంటారా?"

"ఏం పర్లేదు, వెళ్ళిరండి" అన్నారు ప్రొఫెసరుగారు.

పిన్ని కుర్చీలోంచి లేచి అతని వెనకే పరిగెత్తింది. మెట్ల మీద ఆపి అంతా చెప్పేసింది. అతను సంతోషించాడనుకుంటున్నారేమో, తిట్టిపోశాడు. "చదువుకున్నవాళ్ళు, మీకిదేం పోయేకాలం? కళ్ళు పోయాయని హడలి చచ్చానమ్మా నేను!" అన్నాడు. పిన్ని ఆ తిట్లన్నీ పడింది. అతను వెళ్ళి డిపోలో చెప్పాడు, డిపో ఊరంతటికీ చెప్పింది. ఆ తర్వాత ఐదో కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ముసిముసిగా నవ్వుతూ సరైన సీసానే చూపించాడు. ప్రొఫెసరుగారి ప్రయోగం మట్టిగొట్టుకుపోయింది. తక్కిన ముగ్గురి శ్రమ కూడా దాంతోపాటే పోయింది.

శాఖ మీటింగులో క్షమాపణ చెబితే ఉంచుతాం, లేకపోతే సీటు వదులుకోవాలి అన్నారు. ఆ సాయంత్రం నాన్న నచ్చజెప్పబోయాడు.

"తప్పైందని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోతుందమ్మాయ్?"

"తప్పైతే అంటాను బావా."

"నలుగురూ తప్పంటున్నారుగా!"

"నలుగురం కలిసి అబద్ధం చెప్పడమే కదా బావా నా ఉద్యోగం. అదెలా చేస్తారో నాకు తెలీదా?"

మర్నాడు మీటింగులో ప్రొఫెసరుగారు బల్ల చుట్టూ ఒక్కొక్కర్నే అడిగారు. శాఖ పెద్దాయన తప్పే అన్నాడు. తోటివాళ్ళు ముగ్గురూ పాఠం అప్పజెప్పినట్టు తప్పే అన్నారు. చివరికి పిన్ని వంతు వచ్చింది. ఇంతమంది అంటున్నారంటే నిజంగానే తప్పు చేశానేమో అనిపించిందట. అన్నేళ్ళు పుస్తకాల్లో చదివింది ఆ బల్ల దగ్గర కూర్చుంటే తెలిసిందని నాతో చెప్పింది.

"నేను చేసింది సరైనదే" అంది. "మీ పని చెడింది, దానికి బాధగానే ఉంది. క్షమాపణ మాత్రం చెప్పను. రేపు ఇంకో మనిషి అలా బెదిరిపోయి బయటికెళ్తే మళ్ళీ వెనకాలే పరిగెత్తుతాను."

సీటు పోయింది. ఆమె తన సొరుగు ఖాళీ చేసుకుంటూ ఉంటే ఆ ముగ్గుర్లో ఒకావిడ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"నిజానికి నువ్వు చేసిందే నాకూ రైటనిపించిందే. అందరూ అలా అంటుంటే నోరు పెగల్లేదు. ఏమీ అనుకోకు."

పిన్ని సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆ డ్రైవరుకైతే మెట్ల మీద చెప్పాను, అదంతా ఉత్తుత్తిదే, నీ తప్పేం లేదని" అంది. "నీకేం చెప్పనే? ఇందాక జరిగింది ఉత్తుత్తిది కాదుగా. ముందా తలుపు తియ్యి."