ఎంగిలి కాని కార్డు

ఆదివారం పొద్దున వచ్చి నా కంప్యూటర్ ఫార్మాట్ చేసి విండోస్ వేసి పెడతానని మా మరిది ఫోన్లో మా ఆయనకి చెప్పాడు. మా ఆయన సరే అన్నాడు. మా అమ్మాయి "థాంక్స్ బాబాయ్" అంది. ఎలాగూ చిన్నకొడుకు వస్తున్నాడు కాబట్టి మటన్ తెమ్మంది మా అత్తమ్మ. అన్నీ చక్కగా కుదిరిపోయాయి. ఆ కంప్యూటర్ ఎవరిదో వాళ్లని ఒక్క మాట అడగడమే మిగిలిపోయింది.

అది నాది. మల్కాజ్‌గిరిలో మేముండే ఈ మూడు గదుల ఇంట్లో నాది అని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే అంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే, కానీ మరీ ఎక్కువేం కాదు. రాంగోపాల్‌పేట్‌లో ఒక ప్రెస్‌కి నేను ఇంటి నుంచే డీటీపీలో తెలుగు పుస్తకాల పేజీలు కట్టి పంపుతాను. ఆ ప్రెస్ వాళ్ల పెన్‌డ్రైవ్‌ల నిండా వైరస్‌లే. చేసిన పనంతా గంగలో కలిసిపోయాక విండోస్‌కి ఒక దండం పెట్టి, దాని బదులు ఆ వైరస్‌ల బెడద లేని లినక్స్ వేసుకున్నాను. ఎవరూ నేర్పలేదు. చదివాను, చెడగొట్టాను, మళ్లీ వేశాను. ఇన్నేళ్లుగా దిద్దుకున్న ఫాంట్లు, పేజీలు త్వరగా కట్టడానికి నేనే రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములు అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్ తీసుకుంటే పోలా అంటాడు మా మరిది. ఇల్లు కూలగొట్టి, సామానంతా భద్రంగా రోడ్డు మీద పెట్టామని చెప్పినట్టుంటుంది ఆ మాట.

గొడవ మా అమ్మాయి చదువుతో మొదలైంది. తను ఆర్కిటెక్చర్ చదువుతోంది. కట్టబోయే భవనాన్ని ఫొటో తీసినట్టు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. అది విండోస్‌లోనే నడుస్తుంది, దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. కార్డు నేనే కొని నా కంప్యూటర్లో పెట్టాను. విండోస్, లినక్స్ రెండూ వేసి కావలసినప్పుడు కావలసినది తెరవొచ్చు, నిజమే. కానీ అప్పుడు తను కూర్చుంటే నేను లేవాలి. సోమవారం కాలేజీలో తన సబ్మిషన్, అదే రోజు నేను ప్రెస్‌కి స్కూలు పుస్తకం ఒకటి అప్పగించాలి. ఎవరు లేస్తారో ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.

అందుకే నేను వేరే దారి పట్టాను. లినక్స్ నడుస్తుండగానే దాని లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించవచ్చు. వర్చువల్ మిషన్ అంటారు దాన్ని. అందులో విండోస్ వేసి, గ్రాఫిక్స్ కార్డుని పూర్తిగా దాని చేతికే ఇచ్చేస్తే, అసలు కంప్యూటర్ మీద నడిచినట్టే నడుస్తుంది. నా పేజీలకి ప్రాసెసర్‌తో పాటు వచ్చిన మామూలు గ్రాఫిక్స్ చాలు. ఒకటే డబ్బా, దానికి రెండు మానిటర్లు, రెండు కీబోర్డులు, పక్కపక్కనే ఇద్దరం.

మా మరిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. ఇలాంటివి డేటా సెంటర్లలో చేస్తారని, ఇంట్లో అయ్యే పని కాదని మా ఆయనకి వివరించాడు. నేను అదే సోఫాలో కూర్చుని ఉన్నాను. చివర్లో నా వైపు తిరిగి, నీకెందుకు వదినా ఈ తక్లీఫ్ అన్నాడు. మనిషి మంచివాడే. అత్తమ్మకి జ్వరం అంటే ముందు పరిగెత్తుకొచ్చేది అతనే. అయినా నాకు ఒళ్లు మండింది.

"నీ జిద్దుకి నా సబ్మిషన్ పోతది మమ్మీ" అంది మా అమ్మాయి. అది మాత్రం గుచ్చుకుంది. దాని భయంలో తప్పేం లేదు. శనివారం రాత్రిలోగా అది నడవకపోతే ఆదివారం నేనే పక్కకి తప్పుకుంటానని దానికి మాటిచ్చాను.

విండోస్ వేయడం తేలికే. నా చిన్న మానిటర్లో ఒక కిటికీలా తెరుచుకుంది. కార్డు దానికి అప్పగించడం దగ్గరే నా తల ప్రాణం తోకకొచ్చింది. కార్డుతో పాటే దాని సౌండ్ భాగాన్నీ ఇవ్వాలట, ఇచ్చాను. ఏం చేసినా అమ్మాయి కోసం పెట్టిన పెద్ద మానిటర్ నల్లగా ఉండిపోయేది. అటుగా వెళ్లినవాళ్లంతా దాన్ని చూసి ఒక నిట్టూర్పు విడిచేవారు. కాలిపోయిందా అని మా ఆయన అడిగాడు. దుమ్మేమోనని అత్తమ్మ తన కొంగుతో తుడిచింది. నేను పళ్లు బిగించి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

శనివారం పొద్దున అత్తమ్మ దేవుడికి పరమాన్నం వండుతోంది. నేను స్టవ్ పక్కన నిలబడి టీ తాగుతూ గొణుక్కుంటున్నాను. ఏందే నీ పరేషాన్ అని అడిగింది. ఆ కార్డుని లోపలి కంప్యూటర్‌కి ఇస్తున్నా, అది తీసుకోవడం లేదు అన్నాను. అంతకుముందు దాన్ని నువ్వు వాడుతున్నావా అంది. లేదు, మహా అయితే మొదట్లో లినక్స్ ఒక్క క్షణం ముట్టుకుంటుందేమో అన్నాను.

అత్తమ్మ నవ్వుతూ గిన్నెలో నెయ్యి పోసింది. "మరి ఎంగిలి జేసి పెడితె ఎవలు తింటరే."

ఆమె ఆటపట్టించడానికే అంది. నేను టీ గ్లాసు అక్కడే పెట్టి హాల్లోకి పరిగెత్తాను. ఈ కార్డు జోలికి పోవద్దని లినక్స్‌కి నేను రాసే పెట్టాను. కానీ ఆ మాట దానికి ఏ ఘడియలో చేరుతోందో చూసుకోలేదు. వెతికితే తేలింది. స్విచ్ వేయగానే, నా ఆజ్ఞ చదవకముందే, లినక్స్ అలవాటుగా కార్డుని ఒకసారి నిద్ర లేపుతోంది. ఆ తర్వాత వదిలేసినా లోపలి విండోస్‌కి అది లొంగడం లేదు. నా ఆజ్ఞని అన్నిటికంటే ముందు, కంప్యూటర్ కళ్లు తెరిచే చోట చేర్చి, స్విచ్ ఆపి మళ్లీ వేశాను.

పెద్ద మానిటర్ మొదటి నుంచీ చీకటిగానే ఉంది. ఈసారి అలాగే ఉండాలి, లినక్స్ కార్డుని ముట్టుకోలేదనడానికి అదే గుర్తు. విండోస్ మొదలుపెట్టాను. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరిగాయి. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కంటే అందులో కసే ఎక్కువ.

అమ్మాయి వచ్చి పెద్ద మానిటర్ ముందు కూర్చుంది. తన భవనాన్ని తెరిచి ఇటూ అటూ తిప్పి చూసింది. నేను నా మానిటర్ ముందు కూర్చుని స్కూలు పుస్తకంలో నాలుగో పాఠం అందుకున్నాను. కాసేపటికి, మోచెయ్యి తగులుతోంది, జెర జరుగు మమ్మీ అంది. జరిగాను.

ఆదివారం మా మరిది పెన్‌డ్రైవ్‌తో సహా వచ్చాడు. మా వెనక నిలబడి రెండు తెరలూ చాలాసేపు చూశాడు. బాగుంది అన్నాడు, మనస్ఫూర్తిగానే. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. ఇవాళ నడుస్తోంది సరే, రాత్రికి ఏదో అప్‌డేట్ వచ్చి ఆగిపోతే పిల్ల సబ్మిషన్ గతేమిటి, అరగంటలో ఫార్మాట్ చేసేస్తే నిశ్చింత కదా అన్నాడు. ఆ మాటా తీసెయ్యలేం. మా ఆయన ఆలోచించి, ఏం చేద్దాం బిడ్డా అని అమ్మాయిని అడిగాడు.

నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. మాటిచ్చిన పని చేసి చూపించాను. ఇక దాని ఇష్టం.

అమ్మాయి తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "నన్నెందుకు అడుగుతున్నవ్ డాడీ? అది మమ్మీది. మమ్మీని అడుగుండ్రి."

మా మరిది పెన్‌డ్రైవ్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నా వైపు తిరిగాడు. "ఫార్మాట్ చెయ్యాల్నా, వద్దా, వదినా?"

"వద్దు" అన్నాను. వారమంతా నేను చెప్తూ వచ్చింది ఆ మాటే. ఒకరు అడిగితే చెప్పడం మాత్రం అదే మొదటిసారి.