బాపు మడిచిన మందు పొట్లం

దయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాను. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను. ఒకసారి వచ్చిన ఫలితం రెండోసారి రాకపోతే దాన్ని నమ్మకపోవడమే నా ఉద్యోగం. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళూ వెనకాడాను. కానీ ఇది మా ఇంట్లో, పట్టపగలు, ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది.

మాది శామీర్‌పేట. మేం బాపు అని పిలిచే మా నాయిన అక్కడి ద్రాక్షతోటల్లో మేస్త్రీగా చేసేవాడు. తోటలు ప్లాట్లయ్యాక ఇంటిపట్టునే ఉన్నాడు. నిరుడు ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట కూడా పోయింది. మేం చెప్పేది అర్థమవుతుంది, తలూపి జవాబు చెబుతాడు. కొన్ని నెలలకు కాలు కాస్త కదిలింది. చెయ్యి మాత్రం రాలేదు. సూదితో గుచ్చినా దానికి తెలియదు.

నాకు చాలా ఏళ్ళుగా ఒరిగామి పిచ్చి. కత్తెరా జిగురూ లేకుండా ఒక్క కాగితాన్ని మడిచి కప్పనో కొంగనో చేయడం. ఆ పుస్తకాలతో మొదలై జపాన్, కొరియా, వియత్నాం కథల పుస్తకాల మీద పడ్డాను. ఆ తర్వాత సెలవులు కూడబెట్టుకుని ఆ ఊళ్ళు చూసి రావడం అలవాటైంది. ఫిజియోథెరపీ అమ్మాయి బాపు ఎడమ చేతికి ఏదైనా పని చెప్పమంటే, పడవ మడవడం నేర్పాను. మడిచినవాటి కంటే విసుగుతో చింపినవే ఎక్కువ.

ఒక ఆదివారం భోజనాలయ్యాక అమ్మ వంటింట్లోకి వచ్చి నా భుజం పట్టుకుంది.

"జల్దీ రా బిడ్డా. సప్పుడు జెయ్యకు."

బాపు వరండాలో కుర్చీలో నిద్రపోతున్నాడు. నోరు తెరిచి ఉంది, గురక కూడా వినబడుతోంది. ఒళ్ళో మాత్రం రెండు చేతులూ కదులుతున్నాయి. చెంచా కూడా ఎత్తలేని ఆ కుడి చెయ్యి పేపరు ముక్కను మడుస్తోంది. బొటనవేలి గోటితో మడత మీద గట్టిగా గీస్తోంది. తొందర లేదు, తడబాటు లేదు. మడవడం అయిపోగానే దాన్ని మోకాలి మీద పెట్టి, చెయ్యి జారి పక్కకు పడిపోయింది. లేపి అడిగితే బాపుకు ఏమీ తెలియదు. ఆ చేతిని ఎత్తమంటే ఎత్తలేకపోయాడు.

అది ఐదు మూలల చిన్న పొట్లం. ఒక మూల మాత్రం లోపలికి దోపకుండా చెవిలా బయటికి తీసి ఉంది. పొట్లాలు మనకు కొత్తేమీ కాదు, బాపు ఎక్కడో చూసి ఉంటాడు అనుకున్నాను. కానీ ఆ చెవి ఉన్న పొట్లం నా పుస్తకాల్లో ఎంత వెతికినా దొరకలేదు.

తర్వాత కూడా మధ్యాహ్నం నిద్రలో అలాగే మడిచేవాడు. ప్రతిసారీ అదే పొట్లం, అదే మూలన చెవి. ఫోన్లో వీడియో తీసి సుచిత్ర చౌరస్తాలో ఉండే డాక్టరుకు చూపించాను. ఆయన మళ్ళీ మళ్ళీ చూసి, చెయ్యి పరీక్ష చేసి, "నిద్రలో కదలికలు ఉంటాయమ్మా. ఇట్ల మడవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.

అమ్మకు ఇవేవీ పట్టలేదు. "చెయ్యి మళ్ళొస్తాంది, నేను జెప్పలే?" అని మైసమ్మకు బోనం మొక్కుకుంది. ఆమె ముఖంలో అంత వెలుగు చూసి చాలాకాలమైంది. నేను మాత్రం మధ్యాహ్నం పూట ఆ కుర్చీ వైపు వెళ్ళడం తగ్గించేశాను.

అంతకు ముందే నా స్నేహితురాలు కవితతో జపాన్ ప్రయాణం అనుకున్నాం. కవితది అల్వాల్, జపనీస్ నేర్పుతుంది. మానేస్తానంటే అమ్మే "పోయి రా బిడ్డా, నేనున్న గద" అని పంపింది. ఒక పొట్లాన్ని చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని వెళ్ళాను.

సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి ఎదురుగా కనిపించిన కాగితాల దుకాణంలో దూరాం. ఒక్క ముసలాయనే ఉన్నాడు. ఒరిగామి గురించి మాటలు సాగుతుంటే పొట్లం గుర్తొచ్చి, ఇదేమిటో తెలుసా అని ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. వంగి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కవితతో ఏదో అన్నాడు.

"ఎవలు మడిచిన్రని అడుగుతాండు" అంది కవిత.

మా నాయిన అని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అందులోంచి తెల్ల కాగితపు పొట్లం ఒకటి తీసి, మాదాని పక్కన పెట్టాడు. అదే పొట్లం. చెవి అదే మూలన, అదే వాలుతో ఉంది. మాది తెలుగు పేపరు, అంతే తేడా.

"మందు పొడి పొట్లమట. ఇంట్ల ఇద్దరూ మందు తాగేటోళ్ళట. ఈయన మందు తన దాంట్ల కలవకుండ భార్య గిట్ల చెవి తీసి మడిచేదట. ఆమె పోయి మస్తు ఏండ్లయిందట. ఇంకెవ్వలకూ ఇట్ల మడవరాదని అంటాండు."

బాపు సంగతంతా చెప్పాను. కవిత చెప్పినంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చివరికి ఒక మాట అడిగాడు. కవిత ఆయన్ని మళ్ళీ ఏదో అడిగి నిర్ధారించుకుంది. తర్వాత నాతో అంది:

"మడిచేటప్పుడు ఆమెకు చెయ్యి నొస్తుందా అని అడుగుతాండు."

"ఆమెకా?"

"ఆమెకనే అంటాండు. ఆఖరుకు వేళ్ళ కీళ్ళన్నీ వాచి పాణం పోయేటంత నొప్పి ఉండేదట. వద్దంటే ఇనకపోయేదట."

ఆ పొట్లం తనకివ్వగలనా అని ఆయన అడిగాడు. ఇచ్చేశాను. రెండు చేతులతో తీసుకుని వంగి దండం పెట్టాడు. వాన వెలవకుండానే మేం బయటికి వచ్చేశాం.

ఆ రోజు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "ఇయ్యాల మడవలే బిడ్డా. ఊకె పండుకున్నడు" అంది. ఆ తర్వాత బాపు మళ్ళీ ఎప్పుడూ మడవలేదు.

వచ్చాక అమ్మకు జరిగిందంతా చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది.

"గా ముసలాయనకు ఎందుకిచ్చినవ్? ఇయ్యకపోతే చెయ్యి వచ్చేదేమో."

"కాయితానికి, చెయ్యికి ఏం సంబంధమమ్మా?"

"మరి గన్ని దినాలు ఎట్ల కదిలింది? చదువుకున్నవ్ గద, చెప్పు."

ఇప్పటికీ అమ్మ నాతో మునుపటిలా లేదు. అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది. బాపు చేతి ఊసు వస్తే మాత్రం లేచి వెళ్ళిపోతుంది.

విడివిడిగా అన్నింటికీ కారణం దొరుకుతుంది. పొట్లం బాపు ఎక్కడో చూసి ఉండొచ్చు. చెవి యాదృచ్ఛికం కావచ్చు. వాన పడింది కాబట్టి ఆ దుకాణంలో దూరాం. అన్నీ కలిపి చూస్తే మాత్రం నా దగ్గర ఏ కారణమూ నిలబడదు.

ఈమధ్య ఒక సాయంత్రం బాపు పక్కన కూర్చున్నాను. చాయ్ తాగావా అంటే లేదని అడ్డంగా తలూపాడు. నిజమే, ఇంకా ఇవ్వలేదు. ఆకలా అంటే దానికీ అడ్డంగానే ఊపాడు. అప్పుడు అడిగాను.

"బాపూ, కాయితాలు మడిచినప్పుడు చెయ్యి నొచ్చిందా?"

మెల్లగా అవునని తలూపాడు. ఎడమ చేత్తో ఆ కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలి కణుపునూ నిమరడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు రోజూ నిమురుకుంటాడు. ఆ చేతికి స్పర్శే లేదని డాక్టరు ఇప్పటికీ అంటున్నాడు.