ఇరవై తొమ్మిది బొట్టుబిళ్లలు

ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదో తారీఖు వచ్చింది. నాలుగేళ్లకోసారి వచ్చే రోజు కదా అని మా బిల్డింగ్ ఆడవాళ్లు మేడ మీద పార్టీ పెట్టుకున్నారు. ఫిల్మ్‌నగర్‌లో మాది పాత బిల్డింగ్. అందరం సినిమా పని మీద బతికేవాళ్లమే. నేను జూనియర్ ఆర్టిస్టును. మా ఆయన సెట్లలో లైట్లు మోసేవాడు, పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు పై అంతస్తులో ఒక గది, ఒక పొయ్యి, నేను.

ఆటలు పెట్టించింది రెండో అంతస్తులో ఉండే విజయవాడ ఆవిడ. మైకు పట్టుకుని, "ఈరోజు మనకి ఎక్స్‌ట్రాగా వచ్చిందండీ, రోజూ చెయ్యనిది ఏదైనా చెయ్యాలి" అని మొదలుపెట్టింది. అన్నీ ఇరవై తొమ్మిది లెక్కే. ఇరవై తొమ్మిది బఠాణీలను స్ట్రాతో పీల్చి పట్టి ఇంకో గిన్నెలో వేయాలి. ఇరవై తొమ్మిది కాగితం గ్లాసులు గోపురంలా పేర్చాలి. నా గోపురం గాలికి కూలిపోతే అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

తర్వాత బొట్టుబిళ్లల ఆట. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఎదుటి మనిషి ముఖం మీద ఇరవై తొమ్మిది బిళ్లలు ముందుగా అంటించినవాళ్లు గెలిచినట్టు. ఆవిడ ప్యాకెట్లు పంచుతూ వచ్చి నన్ను దాటిపోయింది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి నా చేతిలో విజిల్ పెట్టింది.

"మీరు విజిల్ వెయ్యండి పెద్దమ్మా. టైం చూసేవాళ్లు కావాలి కదండీ."

"టైం ఫోన్ల జూస్కో. నాకు ప్యాకెట్ ఇయ్యి."

"అది కాదండీ... బొట్టు కదా."

"బొట్టే. నాకు తెల్వదా?"

నా పక్కన కూర్చున్న కింది ఇంటామె, ఇంచుమించు నా ఈడుదే, నా కొంగు పట్టి లాగింది.

"మంచిగుండదక్కా. కొత్త కోడండ్లున్నరు. జర ఊకో."

నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నమంతా నూనె ముందు నిలబడి నేను వేసిన మిరపకాయ బజ్జీలు తిన్నది ఆ కోడళ్లే. అప్పుడు నా చెయ్యి మంచిదే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ముందటి వారం ఒక షూటింగ్‌లో పెళ్లి సీనుకు నన్ను ముత్తయిదువుల వరసలో నిలబెట్టారు. నుదుట రూపాయంత బొట్టు, తల్లో పూలు, మెడలో తాళి. హీరోయిన్ మీద అక్షింతలు కూడా వేయించారు. నన్ను అలా తయారు చేసిన మేకప్ పిల్ల మా బిల్డింగ్‌లోనే ఉంటుంది. ఇప్పుడు నాకు కొంచెం అవతల కూర్చుని నేల చూస్తోంది.

"గాడ నువ్వే పెడితివి కదనే" అన్నాను.

"అది డ్యూటీ అక్కా."

"డ్యూటీల నడుస్తది, ఆటల నడువదా?"

నేను విజయవాడ ఆవిడ వైపు తిరిగాను. "రోజూ చెయ్యనిది చెయ్యాలని మైకుల నువ్వే జెప్తివి. చేస్తున్న."

ప్యాకెట్ ఇచ్చింది. కానీ నా ఎదుటి కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆడవాళ్లంతా గబగబా జతలు కట్టేసుకున్నారు.

"రాకున్రి. నా మొఖం నాకుంది."

విజిల్ నా దగ్గరే ఉంది కదా, వేశాను. విజిల్ పడేసరికి అందరి చేతులూ ఆగలేక బిళ్లల మీదికి పోయాయి. నేను అద్దం లేకుండా తడుముకుంటూ నుదుటికి, బుగ్గలకు, గడ్డానికి అంటించుకున్నాను. నూనె వేళ్లకు బిళ్లలు సరిగా ఊడి రావు, సగం గోళ్లకే అంటుకున్నాయి. అవతల ఎవరో గెలిచారు, చప్పట్లు కొట్టారు. నేను ఆపలేదు. అందరూ చూస్తుండగా ఇరవై తొమ్మిదీ పూర్తి చేశాను.

"ముక్కు మీద ఖాళీ ఉందక్కా" అంది మేకప్ పిల్ల, మెల్లిగా.

"ఉండనీ. ఊపిరాడాలె గదా."

కోడళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కింది ఇంటామె నవ్వలేదు.

ఫోటో దిగే ముందు విజయవాడ ఆవిడ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అవి తీసేసి రండి పెద్దమ్మా."

"అందరి మొఖాల మీద ఉన్నయ్. అందరు తీస్తే నేనూ తీస్త."

ఎవరూ తీయలేదు. నేను వెళ్లి ముందు వరసలో చాప మీద కూర్చున్నాను. కింది ఇంటామె జరిగి చాప చివరకు పోయింది. జరగనీ. ఆమె విడిచిన చోటులో నేను కాళ్లు చాపుకున్నాను.