తల దించుకుని తొక్కితే

విజయనగరంలో రైలు దిగి సైకిలు మీద భావనపాడు బయల్దేరాను. కొత్త మౌంటెన్ బైక్, హ్యాండిల్ మరీ కిందికి ఉంది. పొందూరు చేరేసరికి నడుం పట్టేసింది. సైకిల్ షాపు పెద్దాయనకి చూపించి, కాస్త పైకి లేపమన్నాను.

"నడుం సంగతి తర్వాత బావూ. అలా తల దించుకుని ఎలిపోతే ఊరోల్లు ఏటనుకుంతారు? ఇంట్లో తగువాడి వచ్చీసినాడనుకోరా?"

హ్యాండిల్ ఊడదీసి, దానిమీదున్న రెండు రింగుల్నీ కింద వేసి బిగించాడు. "ఇప్పుడు మనిషిలాగున్నావు."

నిజమే, హాయిగా ఉంది. కానీ తలెత్తి తొక్కుతుంటే ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆపారు.

"ఏ ఊరు బావూ? ఎటెల్తన్నావు? పెల్లయిందేటి?"

మూడో ఊరికల్లా పెళ్లి ఎందుకవలేదో కూడా చెప్పేశాను.

మర్నాడు భావనపాడు చేరేసరికి నడుం నొప్పి లేదు. దవడలు పీకుతున్నాయి.