మమ్మల్నే ఎందుకు అడిగారు?

కరోనా రెండో ఏడు. ఆఫీసు అయ్యాక నేనూ, మా టీంలోనే పనిచేసే కరీంనగర్ అన్నా గార్చింగ్ నుంచి యూబాన్ మెట్రో రైల్లో మ్యూనిక్‌కి వస్తున్నాం. మధ్యలో ఇద్దరు పోలీసులు ఎక్కారు. పెట్టె నిండా జనం ఉన్నా, నేరుగా మా దగ్గరికే వచ్చి గుర్తింపు కార్డులు అడిగారు. మాస్కు జారిందేమోనని ముక్కు తడుముకున్నాను. సరిగ్గానే ఉంది.

నేను కార్డు తీసిచ్చేశాను. అన్న మాత్రం, మమ్మల్నే ఎందుకు అడుగుతున్నారని మర్యాదగానే అడిగాడు. మామూలు తనిఖీ అన్నారు. అన్న మళ్లీ అడిగేసరికి తర్వాతి స్టేషన్లో ఇద్దర్నీ దింపి, గోడ పక్కన నిలబెట్టి, వివరాలన్నీ చూసి వదిలేశారు.

ఎవరి కోసమో వెతుకుతున్నారేమో, పోనీలెమ్మన్నాను. అన్న ఒప్పుకోలేదు. "చెక్ చేస్తే చేయనీ. మనల్నే ఎందుకు చేసిన్రో చెప్పాలె గదా."

రంగు చూసి ఆపడం రాజ్యాంగానికే విరుద్ధమని లాయరుతో కేసు వేయించాడు. నేను సాక్షిని.

విచారణ నాటికి ఏడాది దాటింది. కోర్టులో కరోనా కోసం పెట్టిన అద్దాల వెనక ఐదుగురు కూర్చున్నారు. ముగ్గురు జడ్జీలు, వాళ్లతో సమానంగా తీర్పులో పాలుపంచుకునే ఇద్దరు మామూలు పౌరులు. అందరూ తెల్లవాళ్లే. జర్మన్ పౌరసత్వం ఉంటేనే అక్కడ కూర్చోనిస్తారని లాయరు ముందే చెప్పింది. మనలాంటివాళ్లు ఒక్కరుంటే బాగుండేదని అన్న గొణిగాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ మొహం చూసి ఒకరిని నమ్మడానికీ, మొహం చూసి ఇంకొకరిని ఆపడానికీ తేడా ఏమిటో నాకు తేలలేదు.

పౌరుల్లో ఒక ముసలావిడ, వేరేవాళ్లెవరినైనా అడిగారా అని పోలీసును అడిగింది. గుర్తులేదన్నాడతను. మేం తడబడుతున్నట్టు కనిపించామన్నాడు. ఆవిడ నావైపు తిరిగి, నిజమేనా అంది.

"వాళ్లొచ్చాక తడబడ్డాను. అంతకుముందు నవ్వుకుంటున్నాం," అన్నాను.

ఆవిడ మాస్కు వెనక మొహం ఎలా మారిందో తెలియలేదు.

కొన్ని వారాలకు తీర్పొచ్చింది. సరైన కారణం చూపించలేదు కాబట్టి ఆ తనిఖీ చెల్లదట. గెలిచాం. ఆ ముసలావిడ మావైపే ఉందా అని లాయరుని అడిగితే, ఎవరు ఎటు మొగ్గారన్నది బయటికి చెప్పరంది. అన్న మాత్రం పౌరసత్వానికి అప్లై చేస్తానన్నాడు, తనూ ఒకరోజు అక్కడ కూసుంటాడట. నవ్వాలో, నిజమనుకోవాలో తెలియక తలూపాను.